అడుగులకు అరిసెలు: గోదావరి డెల్టాలో శిశువికాస వేడుకలు – వికాసం ఆలస్యమైన పసిబిడ్డ పెంపకం

వ్యాససంగ్రహం:
పసిబిడ్డ బోర్లాపడినప్పుడు బొబ్బట్లు, అడుగులు వేసినప్పుడు అరిసెలు చేసి పంచడం గోదావరి డెల్టాలో నేటికీ నిలిచి ఉన్న ఆచారం. ఈ వేడుకలను జానపద విజ్ఞానంలో భాగంగా పరిశీలించినవారు ఉన్నారు గాని, వేడుకకు ఎదురుచూసి ఎదురుచూసి అలసిన ఇంటి వైపు నుంచి చూసినవారు అరుదు. శిశువికాసాన్ని గుర్తించడానికి తెలుగువారు ఏర్పరచుకొన్న పదజాలం, వేడుకలు, ఆటలు ఎంత సూక్ష్మమైనవో, వికాసం ఆలస్యమైన బిడ్డను పెంచే తల్లిదండ్రులకు అవి ఎక్కడ తోడ్పడతాయో, ఎక్కడ దారి మళ్ళిస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: శిశువికాసం, వేడుక, దోగాడటం, వస, దోబూచి, ఆలస్యం, సత్వర చికిత్స, గోదావరి డెల్టా.

1. ప్రవేశిక:
తెలుగులో 'పెరుగుదల', 'ఎదుగుదల', 'వికాసం' అనే మూడు మాటలు వాడుకలో తరచూ ఒకదాని స్థానంలో ఒకటి వస్తుంటాయి. శాస్త్రవ్యవహారంలో మాత్రం వీటి మధ్య తేడా ప్రాణప్రదమైనది. బరువు, పొడవు, తలచుట్టుకొలత పెరగడం పెరుగుదల. మెడ నిలపడం, చూపు నిలపడం, పట్టుకోవడం, నడవడం, పలకడం, ఎదుటివారితో కలవడం వికాసం. ఒళ్ళు చేసి, బొద్దుగా, నవనవలాడుతూ ఉన్న బిడ్డకు పెరుగుదలలో ఏ లోటూ లేకపోవచ్చు. అదే బిడ్డ ఏడాదిన్నరకు కూడా పిలిస్తే పలకకపోవచ్చు. తూకపు కాటా ఈ రెండో సంగతిని పట్టలేదు. "తిండి బాగానే తింటున్నాడు కదండీ" అన్న మాటతో ఎన్నో ఇళ్ళలో అనుమానం అణగిపోవడానికి మూలం ఈ పదాల కలగాపులగంలోనే ఉంది.

వైద్యులు వికాసాన్ని స్థూలచలనం, సూక్ష్మచలనం, భాష, సాంఘిక ప్రవర్తన మొదలైన రంగాలుగా విభజిస్తారు. అయిదేళ్ళలోపు బిడ్డ రెండు లేక అంతకు మించిన రంగాలలో తన వయసు పిల్లలకంటే గణనీయంగా వెనుకబడితే దాన్ని 'సార్వత్రిక వికాస ఆలస్యం' అంటారు. ఇది వ్యాధి పేరు కాదు. కారణం ఇంకా తేలని స్థితికి పెట్టిన తాత్కాలిక నామం మాత్రమే. దాని వెనుక నెలలు నిండని కాన్పు ఉండవచ్చు, పుట్టుకలో ఊపిరాడకపోవడం, జన్యుదోషం, వినికిడి లోపం, థైరాయిడ్ లోపం, మస్తిష్క పక్షవాతం, ఆటిజం ఉండవచ్చు. ఎంత వెతికినా కారణం దొరకకపోవడమూ ఉన్నదే.

2. వేడుకల పట్టీ:
నవ్వితే నువ్వుండలు, బోర్లాపడితే బొబ్బట్లు, పాకితే పాయసం, గడప దాటితే గారెలు, అడుగులకు అరిసెలు, పలుకులకు పంచదార చిలకలు. ఊరినిబట్టి, ఇంటినిబట్టి ఈ పట్టీలో ఒకటి రెండు మారినా కట్టుబడి ఒకటే. చలనానికీ భక్ష్యానికీ మొదటి అక్షరంతో ముడి వేశారు. గుర్తుంచుకోవడానికి ఇంతకంటే సులువైన ఉపాయం లేదు. పలుకుల దగ్గరకు వచ్చేసరికి ఈ అక్షరమైత్రికి మరొకటి తోడయింది. అక్కడ శబ్దంతోపాటు అర్థం కూడా ఆధారమయింది. చిలక మాట్లాడుతుంది కనుక మాటకు చిలక. శబ్దానికి ఇక్కడ అర్థాన్ని కూడా జోడించినవారికి భాష పట్ల తక్కినవాటికంటే ఎక్కువ మక్కువ ఉన్నదనుకోవడం తప్పు కాదు.

అడుగుల వేడుకలో అరిసెలను నేలమీద వస్త్రంపై పరచి బిడ్డను వాటిపై నడిపించి, ఆపైన ఇరుగుపొరుగుకు పంచుతారు. కొత్తబియ్యపు తడిపిండి, బెల్లపు పాకం ముందురోజు నుంచే సిద్ధం కావాలి. అది ఒక్కరి చేతిమీద అయ్యే పని కాదు. అందువల్ల ఫలానావారి మనుమడు నడిచాడన్న వార్త పిండి దంచడంతోనే వీధికి తెలిసిపోతుంది. వేడుకకు ఉన్న బలం ఇదే, బాధ కూడా ఇదే. ఒకే నెలలో పుట్టిన ఇద్దరు పిల్లలున్న వీధిలో, ఒక ఇంటి అరిసెలు రెండో ఇంటికి వచ్చినప్పుడు ఆ తల్లి అందుకొనేది తీపి వస్తువు ఒక్కటే కాదు.

వేడుకల పట్టీలో మరొక లక్షణాన్ని గమనించాలి. అది ఏది జరగాలో చెబుతుంది. ఏది ముందో ఏది తరువాతో స్థూలంగా చెబుతుంది. ఎప్పటిలోగా జరగాలో చెప్పదు. దానికి పై గడువు లేదు. ఈ లోటును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణాలతో పూరించుకోవచ్చు. ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాలలో ఆరోగ్యవంతులైన పిల్లలను వరుసగా పరిశీలించి ఆ సంస్థ ఆరు స్థూలచలనాలకు కాలపరిధులు నిర్ణయించింది. ఆసరా లేకుండా కూర్చోవడానికి 3.8 నుంచి 9.2 నెలలు, చేతులూ మోకాళ్ళపై దోగాడటానికి 5.2 నుంచి 13.5 నెలలు, ఒంటరిగా నడవడానికి 8.2 నుంచి 17.6 నెలలు. ఈ పరిధుల వెడల్పే గమనార్హం. తొమ్మిదో నెలలో నడిచిన బిడ్డా, పదిహేడో నెలలో నడిచిన బిడ్డా ఇద్దరూ ఆ పరిధిలోనివారే. పొరుగింటి బిడ్డతో పోల్చి పదమూడో నెలలో కుమిలిపోవడం ఎంత అనవసరమో, రెండేళ్ళు దాటాక "నడుస్తాడులే" అని ఊరుకోవడం అంత ప్రమాదకరం. నెలలు నిండక పుట్టినవారికైతే ముందుగా పుట్టిన వారాలను వయసులోంచి తీసివేసి లెక్కించాలి. రెండేళ్ళ వయసు వరకు ఈ సవరణ పాటిస్తారు.

3. పాకడం, దోగాడటం, దేకడం:
బిడ్డ నేలమీద కదిలే తీరుకు తెలుగులో ఒక్క మాట కాదు, అనేకం. పొట్ట నేలకు ఆనించి జరగడం పాకడం. చేతులూ మోకాళ్ళూ ఆనించి వెళ్ళడం దోగాడటం. కూర్చున్నచోటు నుంచి పిరుదులతో జరుగుతూ పోవడం దేకడం. తరువాతివి తప్పటడుగులు. నిత్యవ్యవహారంలో పాకడం, దోగాడటం ఒకదానికొకటి పర్యాయాలుగా వాడబడుతున్నా, దేకడం మాత్రం ఎవరి నోటా వాటితో కలవదు. దేకే పిల్లలు తక్కినవారికంటే ఆలస్యంగా నడుస్తారన్నది వైద్యులు గుర్తించిన విషయం; వారిలో ఎక్కువమంది తరువాత మామూలుగానే నడుస్తారు. ఈ వేరు మాట భాషలో ఉండటం వల్ల "మీవాడు పాకాడా?" అన్న ప్రశ్నకు "లేదండి, దేకేవాడు" అనే జవాబు వస్తుంది. వైద్యునికి అంతకంటే స్పష్టమైన సమాచారం మరొకటి ఉండదు, ఆయన ఆ మాట తెలిసినవాడైతే.

పైన చెప్పిన అధ్యయనంలోనే 4.3 శాతం పిల్లలు దోగాడకుండానే నడకకు వెళ్ళారు. అమెరికాలోని వ్యాధి నియంత్రణ కేంద్రం 2022లో తన వికాస సూచికలను సవరిస్తూ దోగాడటాన్ని జాబితా నుంచి తొలగించింది. కనుక పాయసం వండే సందర్భం రాకుండానే అరిసెల రోజు రావడం అపశకునమేమీ కాదు.

బిడ్డ కండరాల బిగువును తొలిసారి తెలుసుకొనేది ఆసుపత్రి బల్లమీద కాదు, పెద్దవాళ్ళ కాళ్ళమీద. పీటమీద కూర్చొని కాళ్ళు చాపి, పిక్కలమీద బిడ్డను పడుకోబెట్టి నూనె మర్దించి నీళ్ళు పోసే అమ్మమ్మకో నాయనమ్మకో బిడ్డ మెడ నిలిచిందా, నడుం గట్టిపడిందా, కాళ్ళు మరీ బిర్రుగా ఉన్నాయా, గుడ్డపీలికలా జారిపోతున్నాడా అన్నది చేతికే తెలుస్తుంది. ఎందరో పిల్లలకు నీళ్ళు పోసిన చేయి అది. ఆ చేతికి తెలిసిన సంగతి నోటికి రాకపోవడమే చిక్కు. కోడలి మనసు కష్టపెట్టడమెందుకని కొందరు, నోటితో అంటే నిజమవుతుందని కొందరు ఊరుకుంటారు.

ప్రశంసగా వినిపించే కొన్ని మాటలు కూడా పరీక్షకు నిలపవలసినవి. "మావాడు బంగారం, అసలు ఏడవడు" అన్నది వాటిలో ఒకటి. అతి నెమ్మది, ఎప్పుడూ నిద్ర, పాలు తాగడంలో మందకొడితనం పుట్టుకతో వచ్చిన థైరాయిడ్ లోపానికి గుర్తులు కావచ్చు. పుట్టిన తొలివారాలలో కనిపెట్టి మందు మొదలుపెడితే బుద్ధివికాసానికి కలిగే హానిని చాలావరకు నివారించగల స్థితి ఇది. నెలలు గడిచేకొద్దీ ఆ అవకాశం జారిపోతుంది. రెండోది "అప్పుడే ఎడమచేతి వాటం వచ్చేసింది" అన్న ముచ్చట. ఏడాది నిండకముందు బిడ్డ ఒక చేతినే వాడుతూ ఉంటే అది వాటం కాకపోవచ్చు, రెండో చేయి బలహీనమై ఉండవచ్చు. మస్తిష్క పక్షవాతాన్ని వైద్యులు అనుమానించే తొలి గుర్తులలో ఇది ఒకటి.

4. వస, వినికిడి:
ఎక్కువగా మాట్లాడే పిల్లను 'వసపిట్ట' అనడం, "చిన్నప్పుడు వస ఎక్కువ పోశారేమో" అనడం తెలుగుదేశమంతటా ఉన్నది. వసకొమ్మును తేనెతో అరగదీసి నాలుకకు రాస్తే మాటలు త్వరగా వస్తాయన్న నమ్మకం ఈ జాతీయాలకు పుట్టినిల్లు. జాతీయాన్ని భాషలో నిలుపుకొందాం గాని కొమ్మును అరగదీయడానికి మాత్రం వెనుకాడాలి. వసలో ఉండే బీటా అసరోన్ అనే ద్రవ్యం జంతువులపై పరీక్షలలో క్యాన్సర్ కారకమని తేలినందువల్ల 1968లో అమెరికా ఆహారపదార్థాలలో దాని వాడకాన్ని నిషేధించింది. ఏడాదిలోపు బిడ్డకు తేనె కూడా తగదని వైద్యశాస్త్రం చెబుతుంది.

వస కంటే ముందు చూడవలసినది వినికిడి. మాట ఆలస్యమైన ప్రతి బిడ్డకూ మొదట చేయవలసిన పరీక్ష అదే. పుట్టుచెవిటి బిడ్డ కూడా తొలినెలల్లో 'ఉంగా' అంటాడు, నవ్వుతాడు. అందువల్లనే తల్లిదండ్రులు మోసపోతారు. తలుపు చప్పుడుకు తిరిగి చూశాడంటే చెవులు బాగున్నాయని అర్థం కాదు. తలుపు అదురు నేలద్వారా తెలిసి ఉండవచ్చు. వినికిడి యంత్రంగాని, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం కిందికి చేరిన కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్సగాని ఎంత చిన్న వయసులో అందితే మాట అంత బాగా వస్తుంది. ఇక్కడ ఆరు నెలల సందిగ్ధం ఆరు నెలల నష్టంతో ముగియదు.

డెల్టాలో ఈ ప్రసంగం వచ్చినప్పుడల్లా మేనరికం ముందుకు వస్తుంది. పిఠాపురంలో పుట్టి, జె.బి.ఎస్. హాల్డేన్ వద్ద శిష్యరికం చేసిన జన్యుశాస్త్రవేత్త కృష్ణ ద్రోణంరాజు 1960ల ఆరంభంలోనే మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధ వివాహాల వ్యాప్తిని, ఫలితాలను అధ్యయనం చేశారు. పుట్టుచెవుడు సహా కొన్ని అంతర్గత జన్యుదోషాల అవకాశాన్ని మేనరికం పెంచుతుందన్నది నిజం. అయితే మేనరికం చేసుకొన్న దంపతులలో అత్యధికులకు ఆరోగ్యవంతులైన పిల్లలే పుడతారు, బయటి సంబంధం చేసుకొన్నవారికీ వికాసం ఆలస్యమైన పిల్లలు పుడతారు. జరిగిన పెళ్ళిని తప్పుపట్టడం వల్ల ఉన్న బిడ్డకు ఒరిగేదేమీ లేదు. తరువాతి కాన్పుకు ముందు జన్యుసలహా తీసుకోవడమే అక్కడ మిగిలిన పని.

5. చందమామను చూపే వేలు:
బువ్వ, లాల, బజ్జో, చిచ్చి, తాయం వంటి శిశుభాషాపదాలు భాషాశాస్త్రజ్ఞులకు సుపరిచితాలే. చార్లెస్ ఫెర్గుసన్ 1964లో మరాఠీ సహా ఆరు భాషల శిశుభాషను పోల్చి, పెద్దలు పసివారికోసం భాషను సరళీకరించే తీరులో ఉమ్మడి లక్షణాలున్నాయని చూపాడు. తెలుగు ఉదాహరణలు ఆ లక్షణాలకు చక్కగా సరిపోతాయి. అయితే వికాసం దృష్ట్యా పదాలకంటే విలువైనవి వాటిని చుట్టుకొని ఉన్న ఆటలు.

దోబూచిలో ముఖం మాయమై మళ్ళీ కనిపిస్తుంది. కనబడనిది లేకుండా పోలేదన్న ఎరుక బిడ్డలో కలిగి ఉంటేనే అది ఆట అవుతుంది. తారంగంలో రెండు చేతులూ కలిసి పనిచేయాలి, ఎదుటివారిని అనుకరించాలి. గోరుముద్దలు పెడుతూ చందమామను చూపడంలో తల్లి వేలు, బిడ్డ చూపు, ఆకాశంలోని వస్తువు ఒక రేఖ మీదకు రావాలి. మనోవిజ్ఞానం దీనినే 'ఉమ్మడి అవధానం' అంటుంది. ఏడాది దాటిన బిడ్డ తనంత తానుగా వేలు చాపి కాకినో దీపాన్నో చూపించి, చూశావా అన్నట్లు తల్లి ముఖంలోకి తిరిగి చూడటం భాషకు తొలిమెట్టు. పదహారు నుంచి ముప్పై నెలల పిల్లలలో ఆటిజాన్ని అనుమానించడానికి ప్రపంచవ్యాప్తంగా వాడే ప్రశ్నావళిలో ఈ వేలు చూపడం గురించిన ప్రశ్నలు ప్రధానమైనవి. కథ చెప్పేటప్పుడు 'ఊఁ' కొట్టించుకోవడం కూడా ఇటువంటిదే; ఇతరుల వంతు, తన వంతు అన్న నియమాన్ని మాటలు రాకముందే అది నేర్పుతుంది.

రాజమహేంద్రవరం పరిసరాలనుంచి జానపదగేయాలను విస్తారంగా సేకరించిన నేదునూరి గంగాధరం, పరిశోధనకు శాస్త్రీయమైన బాట వేసిన బిరుదురాజు రామరాజు వంటివారి కృషివల్ల జోలపాటలూ ఆటపాటలూ మనకు దక్కాయి. సాధారణంగా సంకలనాలలో ఇవన్నీ 'పిల్లల పాటలు' అన్న ఒక్క శీర్షిక కింద ఉంటాయి. ఏ ఆట ఎన్నో నెలలో మొదలుపెడతారు, బిడ్డ ఏ కదలికతో జవాబు చెబితే తరువాతి ఆటకు వెళతారు, బిడ్డ స్పందించకపోతే ఆడించేవారు ఏం చేస్తారు అన్న వివరాలు పాఠంతోపాటు నమోదు కావలసినవి. ముఖ్యంగా ఆ చివరి ప్రశ్న. స్పందన రాని ఆటను ఇంటివారు నెమ్మదిగా మానేస్తారు. ఎవరికి ఎక్కువ ఆట అవసరమో ఆ బిడ్డకే తక్కువ దక్కుతుంది. చికిత్సకులు తల్లిదండ్రులకు నేర్పే దానిలో అధికభాగం, చూస్తే, ఈ మానేసిన ఆటలను మళ్ళీ మొదలుపెట్టించడమే. బిడ్డ ముఖానికి ఎదురుగా కూర్చోవడం, ఒకే పాటను ఆపి ఆపి పాడటం, ఆపినచోట బిడ్డనుంచి చూపో శబ్దమో కదలికో వచ్చేదాకా వేచి ఉండటం. పది లెక్కపెట్టేంతసేపు ఊరుకోవడం వినడానికి తేలిక. అలసిపోయిన తల్లికి అది ఎంత దీర్ఘమో చేసినవారికే తెలుసు.

చందమామ స్థానంలోకి ఫోను వచ్చిందనీ, అందుకే పిల్లలకు మాటలు రావడం లేదనీ ఇప్పుడు తరచూ వినవస్తున్నది. ఫోను ముందు గడిచే కాలం ఆటలకు దక్కవలసిన కాలాన్ని తినివేస్తుందన్నంతవరకు సత్యం. వికాస ఆలస్యానికంతటికీ అదే కారణమనడం మాత్రం మరొక పాత పొరపాటుకు కొత్త రూపం. తల్లి మనసులో వెచ్చదనం లేకపోవడం వల్లనే ఆటిజం వస్తుందన్న వాదాన్ని బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో పుస్తకంగా ప్రచారం చేశాడు. అంతకు మూడేళ్ళ ముందే, ఆటిజం ఉన్న కుమారుని తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ దాని మూలాలు జీవసంబంధమైనవని వాదించి ఉన్నాడు. శాస్త్రం రిమ్లాండ్ పక్షాన నిలిచింది. ఈలోగా ఎందరో తల్లులు నేరం మోశారు. కోనసీమ, పశ్చిమగోదావరి ప్రాంతాలనుంచి కువైట్ తదితర గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్ళి, బిడ్డను అమ్మమ్మ దగ్గర ఉంచిన తల్లులు ఎందరో ఉన్న ఈ ప్రాంతంలో అటువంటి నింద ఎవరిమీద పడుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఆ తల్లికి బిడ్డ తొలి అడుగు కనిపించేది కూడా ఫోనులోనే.

6. 'ఆలస్యం' అనే మాట:
ఇంగ్లీషు 'డిలే'కు తెలుగులో 'ఆలస్యం' అన్న మాట స్థిరపడింది. ఈ మాటకు తెలుగులో ఒక ధ్వని ఉంది. బండి ఆలస్యమన్నామంటే బండి వస్తుందనే అర్థం. ప్లాట్‌ఫారం మీద కూర్చొని ఉండటమే చేయవలసిన పని. వైద్యుడు "వికాసం ఆలస్యంగా ఉంది" అన్నప్పుడు తల్లిదండ్రులు వినేది ఈ ధ్వనినే. దానికి తోడు "వాళ్ళ నాన్నకూ నాలుగేళ్ళకు గాని మాటలు రాలేదు", "మగపిల్లలకు మాట ఆలస్యమే" అన్న ఊరడింపులు. నిజంగానే కొందరు పిల్లలు ఏ సాయమూ లేకుండా అందుకొంటారు. ఊరడింపులు నిలిచి ఉండటానికి ఆ కొందరే ఆధారం. అందుకోలేకపోయినవారి కథ సామెత కాదు.

దీనికి ఎదురుకొసలో ఉన్నవి 'మందబుద్ధి', 'బుద్ధిమాంద్యం' వంటి మాటలు. ఇవి తలుపు మూసేస్తాయి. సికింద్రాబాదులో 1984లో నెలకొన్న జాతీయ మానసిక వికలాంగుల సంస్థ కూడా తరువాత తన పేరులోని పాత మాటను వదిలి 'మేధోవైకల్యం' అన్న అర్థమిచ్చే మాటను స్వీకరించింది. రాష్ట్రప్రభుత్వ శాఖ వాడే 'విభిన్న ప్రతిభావంతులు' అన్న సమాసం గౌరవప్రదమే గాని, ఇరవై నెలలకు మెడ నిలపని బిడ్డను ఎత్తుకొని వచ్చిన తల్లికి అది ఏమీ చెప్పదు. ఊరడింపుకూ ముద్రకూ మధ్య, "ఇప్పుడు ఇంతవరకు వచ్చాడు, తరువాతి మెట్టు ఇది, దానికి ఈ సాయం కావాలి" అని చెప్పగల వ్యవహారభాష కావాలి. ఆ భాష నీళ్ళు పోసే పీట దగ్గర ఇప్పటికే ఉన్నది: మెడ నిలవడం, నడుం నిలవడం, ఒత్తిగిలడం, చేయి చాపడం, పట్టు చిక్కడం. పాఠ్యపుస్తకాల అనువాదంలో దీనిని కాదని సంస్కృతసమాసాలు కూర్చడం ఎందుకో బోధపడదు.

7. అంగన్‌వాడీ నుంచి జిల్లా కేంద్రం దాకా:
1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంవల్ల అంగన్‌వాడీ ప్రతి ఊరికీ చేరింది. తల్లీబిడ్డల సంరక్షణ కార్డులో టీకాలతోపాటు వికాసదశల బొమ్మలు కూడా ఉంటాయి. టీకాల పుట నిండినంతగా ఆ పుట నిండదు. 2013 ఫిబ్రవరిలో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుక లోపాలు, పోషక లోపాలు, వ్యాధులు, వికాస ఆలస్యాలు అనే నాలుగు కోవల కింద పద్దెనిమిదేళ్ళలోపువారిని పరీక్షిస్తుంది. సంచార బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వెళ్ళాలి. గుర్తించిన పిల్లలను జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇరవై ఒక్క వైకల్యాలను గుర్తించింది. 40 శాతం పరిమితిని దాటినవారికి సదరం ధ్రువపత్రంతో పింఛను మొదలైనవి అందుతాయి. మండలాలలోని భవిత కేంద్రాలు ప్రధానంగా బడివయసు పిల్లలకోసం ఏర్పడినవి.

కాగితంమీద ఈ గొలుసు బాగానే ఉంది. వికాసచికిత్స మాత్రం ఒక ఇంజెక్షనుతో ముగిసేది కాదు. వారం వారం వెళ్ళాలి. 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనతో జిల్లా కేంద్రాలు అమలాపురం, భీమవరం, రాజమహేంద్రవరాలకు చేరువైనా, లంకగ్రామంనుంచి బిడ్డను ఎత్తుకొని బయలుదేరే తల్లికి దూరాన్ని కొలిచేది కిలోమీటర్లతో కాదు. వరదకాలంలో కాజ్‌వే మునిగితే పడవ, సఖినేటిపల్లి రేవులో పంటు, తరువాత బస్సు, ఆపైన వరుసలో నిరీక్షణ. ఒక పూట కూలి పోతుంది. మూడోవారానికో నాలుగోవారానికో ప్రయాణం ఆగిపోతే దాన్ని తల్లిదండ్రుల నిర్లక్ష్యంగా రాసుకోవడం తేలిక. నెలకొకసారి కేంద్రానికి వెళ్ళి, మిగిలిన రోజులలో నీళ్ళు పోసేటప్పుడు, అన్నం పెట్టేటప్పుడు, నిద్రపుచ్చేటప్పుడు చేయవలసినవి నేర్చుకొని రావడం ఇక్కడి బతుకుకు పొసగే పద్ధతి. ఆ నేర్పడం తల్లికి ఒక్కదానికే కాక అమ్మమ్మకూ జరగాలి.

8. వేడుక తేదీ:
వైద్యుడు "ఎన్నో నెలలో బోర్లాపడ్డాడు? ఎన్నో నెలలో కూర్చున్నాడు?" అని అడిగితే చాలామంది తల్లిదండ్రులు తడుముకొంటారు. ఇద్దరు పిల్లలుంటే ఒకరి సంగతి మరొకరికి అంటగడతారు. జననమరణాల తేదీలు రాబట్టడానికి జనాభా సర్వేలు స్థానిక సంఘటనల పట్టికను వాడటం తెలిసినదే. పుష్కరాలకు ముందా తరువాతా, ఫలానా తుఫానుకు ముందా అని అడుగుతారు. శిశువికాస చరిత్రకు అటువంటి పట్టిక ఈ వేడుకల రూపంలో సిద్ధంగా ఉన్నది. "బొబ్బట్లు చేశారా? అప్పటికి అన్నప్రాశన అయిందా?" అంటే జవాబు వెంటనే వస్తుంది. "అరిసెలు పంచింది సంక్రాంతికి ముందే, సంక్రాంతికి మళ్ళీ వండలేదు" అని అమ్మమ్మ చెప్పిన మాటలో నెల దాదాపుగా దొరుకుతుంది. ఫోనులో ఆనాటి ఫొటో ఉంటే తేదీ కూడా దొరుకుతుంది.

అలాగే "పాయసం చేశాం గాని అరిసెల దాకా రాలేదండి" అన్న జవాబు. ఎక్కడ ఆగిందో అది చెబుతుంది. నడక వచ్చి మాట రానివాడా, రెండూ రానివాడా, వచ్చిన మాట పోయినవాడా అన్నది చికిత్సను నిర్ణయించే తేడా. చిలకలు పంచిన తరువాత మాట ఆగిపోయిందంటే, నిన్నటిదాకా అన్న 'అత్త', 'తాత' ఇవాళ అనడం లేదంటే, అది ఎదురుచూడకుండా ఆ వారంలోనే వైద్యుని వద్దకు వెళ్ళవలసిన సంగతి. ఈ ఆచారంలో పై గడువు లేదని మొదట చెప్పుకొన్నది. ఆ కారణంచేతనే మూడేళ్ళకు నడిచిన బిడ్డకు కూడా అరిసెలు నిషిద్ధం కావు. పాకం, పిండి, నడిపించే వరుస, పంచే ఇళ్ళు అన్నీ అవే.